లైబ్రరీలో కొత్తగా చేరిన పుస్తకాలు ఫీడ్‌లో పట్టుకోవడం ఎలా? (కోహా క్యాటలాగు)

#1 నల్లసిరా

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం క్యాటలాగు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేరులో ఉంది, బయటివాళ్లకూ తెరిచే ఉంది. సైటులో ‘కొత్తగా వచ్చినవి’ అని ఒక పేజీ ఉంది గానీ ఎవరికి తీరిక దొరికితే వాళ్లు మారుస్తున్నట్టుంది. నాకు కావలసినవి రెండే: తెలుగు సాహిత్య విమర్శ, దక్షిణ భారత చరిత్ర. వీటిలో పుస్తకం చేరిన రోజో మర్నాడో తెలిస్తే చాలు. వెతికిన ఫలితాలనే ఆర్ఎస్ఎస్ ఫీడ్‌గా, అంటే కొత్తవి చేరినప్పుడల్లా తనంతట తాను మారే జాబితాగా, తీసుకోవచ్చంటున్నారు. ఎక్కడ నొక్కాలి, ఏం సరిచూసుకోవాలి?

లింకులు, కోడ్ అతికిస్తే ఇక్కడి స్పాం ఫిల్టరు పోస్టును మింగేస్తోంది. మాటల్లోనే రాయండి.

#2 కోహా_కాపలా

ముందు వెతకండి, ఫీడ్ తర్వాత. అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచి సబ్జెక్టు, భాష, శాఖ, ఏది కావాలో అది ఎంచుకోండి. ఫలితాల పేజీలో ‘ఇన్ని దొరికాయి’ అన్న వాక్యం పక్కనే చిన్న నారింజ రంగు గుర్తు ఉంటుంది: ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు. దాన్ని నొక్కొద్దు, రైట్ క్లిక్ చేసి లింకు కాపీ చేసుకోండి. నొక్కితే బ్రౌజరు పచ్చి ఎక్స్ఎంఎల్ చూపిస్తుంది, లేదా ఫైలుగా దించుతుంది. ఫైర్‌ఫాక్స్ కూడా 2018 డిసెంబరులో 64వ వెర్షన్‌తో ఫీడ్లు చూపడం మానేసింది. చాలామంది అది చూసి ‘లింకు పాడైంది’ అనుకుని వదిలేస్తారు. పాడవలేదు, అది ఫీడ్లు చదివిపెట్టే ప్రోగ్రాము, అంటే రీడరు, చదువుకోవాల్సిన ఫైలు.

కాపీ చేసిన అడ్రసులో ఏముందో ఒకసారి చూసుకోండి, తర్వాత పనికొస్తుంది. ‘ఓపాక్-సెర్చ్’ అన్నది వెతికే ప్రోగ్రాము. ‘క్యూ’ పక్కన మీరు వెతికిన మాట, ‘లిమిట్’ పక్కన భాష, శాఖ లాంటి వడపోతలు ఉంటాయి. ‘కౌంట్’ పక్కన మామూలుగా 50 ఉంటుంది. ‘సార్ట్ బై’ పక్కన ‘ఎక్యూ డేట్ డిఎస్‌సి’, అంటే చేరిన తేదీ ప్రకారం కొత్తవి పైన. చివర ‘ఫార్మాట్’ ఆర్ఎస్ఎస్. పేజీలో మీరు అకారాది క్రమం పెట్టుకున్నా ఫీడ్ లింకు మాత్రం చేరిన తేదీనే పట్టుకుంటుంది.

ఒక చిన్న ఇబ్బంది. వెతికితే ఒక్కటే పుస్తకం దొరికితే కోహా నేరుగా ఆ పుస్తకం పేజీకి తీసుకుపోతుంది, నారింజ గుర్తు ఉన్న పేజీ కనబడదు. అప్పుడు ఇంకేదైనా పెద్ద మాటతో వెతికి, ఆ ఫీడ్ అడ్రసు కాపీ చేసి, ‘క్యూ’ పక్కన మాట మార్చుకోవడమే.

#3 నల్లసిరా

దొరికింది, నా ఈమెయిలు ప్రోగ్రాము థండర్‌బర్డ్‌లో పెట్టాను. కానీ రెండు తేడాలు. భాష ‘తెలుగు’ అని పెడితే మొత్తం లైబ్రరీలో 140 పుస్తకాలే అంటోంది. షెల్ఫుల్లో వేలల్లో ఉన్నాయి. రెండోది, చరిత్ర ఫీడ్‌లో పైన వస్తున్నవి ఎప్పటివో పాత పుస్తకాలు. కొత్తవి అసలు కనబడటం లేదు.

#4 బీరువాతాళం

రెండూ క్యాటలాగింగ్ వైపు తప్పులే. మీరు చేసినదాంట్లో లోపం లేదు.

భాష సంగతి. భాష వడపోత పుస్తకం పేరులోని లిపిని చూడదు. పుస్తకం రికార్డులో ప్రతి వివరానికీ నంబరున్న గడి, అంటే ఫీల్డు, ఉంటుంది; వాటిలో 008 ఫీల్డులో 35 నుంచి 37 దాకా స్థానాల్లో ఉన్న మూడక్షరాల భాషా సంకేతాన్ని చూస్తుంది. తెలుగుకు అక్కడ ‘టి ఇ ఎల్’ ఉండాలి. కోహాలో కొత్త రికార్డు మొదలుపెట్టి 008 గడిలో క్లిక్ చేయగానే అది తనంతట తాను నిండుతుంది. అప్పుడు భాష స్థానంలో పడేది ‘ఇ ఎన్ జి’, అంటే ఇంగ్లిషు. రోజుకు వంద పుస్తకాలు ఎక్కించాల్సిన మనిషి ఆ గడి తెరిచి మార్చడు. అలా వేల తెలుగు పుస్తకాలు క్యాటలాగులో ఇంగ్లిషు పుస్తకాలుగా కూర్చుంటాయి. మీకు కనబడిన 140 బహుశా వేరే లైబ్రరీ సర్వరు నుంచి తయారుగా దించుకున్న రికార్డులు. వాటిలో సంకేతం సరిగానే ఉంటుంది.

తేదీ సంగతి. ‘చేరిన తేదీ’ అంటే 952 ఫీల్డులో డాలర్ డి సబ్‌ఫీల్డు, ప్రతి కాపీకీ ఉండేది. అక్కడ కొందరు బిల్లు తేదీ వేస్తారు, కొందరు ఏమీ వేయరు. జనవరి బిల్లు మీద వచ్చిన పుస్తకాన్ని ఆగస్టులో ఎక్కించి జనవరి తేదీ వేస్తే, అది ఫీడ్‌లో పుట్టగానే జనవరి వాటి మధ్యకు పోతుంది. పైనున్న 50లో ఉండదు కాబట్టి మీ రీడరుకు అసలు చేరదు. పాత పుస్తకాలు పైన కనబడటానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పాత రిజిస్టర్లను కంప్యూటరెక్కిస్తూ ఎక్కించిన రోజు తేదీ వేసుంటారు. 1968 నాటి పుస్తకం కూడా నిన్న చేరినట్టే లెక్క.

ప్రస్తుతానికి భాష వడపోత తీసేసి వర్గ సంఖ్యతో వెతకండి. డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం 894.827, తెలుగు భాష 494.827. కాల్ నంబరు గడిలో 894.827 వేసి చివర నక్షత్రం గుర్తు, అదే స్టారు, పెట్టండి. కవిత్వం 894.8271, కథలూ నవలలూ 894.8273. చరిత్ర, విమర్శ 894.82709. మీకు కావలసింది ఈ చివరిదే. కాల్ నంబరు పుస్తకం వెన్ను మీద అతికించాలి కాబట్టి దాన్ని ఎవరూ ఖాళీగా వదలరు. మిగతా ఫీల్డుల కంటే దాన్ని నమ్మొచ్చు.

#5 గుణింతం

సంఖ్యతో వెతకమన్న సలహాకు నా ఓటు కూడా. మాటతో వెతికేవాళ్లకు తెలుగు విషయంలో మూడు గోతులున్నాయి.

ఒకటి, లిపి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో తయారైన రికార్డుల్లో తెలుగు పుస్తకం పేరు రోమన్ లిపిలో ఉంటుంది, దీర్ఘాలకు పైన గీతలు, ట, ఠ, డ, ఢ లాంటి అక్షరాల కింద చుక్కలతో. తెలుగు లిపి రూపం ఉంటే 880 ఫీల్డులో విడిగా ఉంటుంది, చాలా రికార్డుల్లో అదీ ఉండదు. స్థానికంగా ఎక్కించినవి తెలుగులో ఉండొచ్చు, లేదా నోటికొచ్చిన స్పెల్లింగుతో రోమన్‌లో ఉండొచ్చు. ‘సాహిత్య’ అన్న మాటకే టి తర్వాత హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. మాటతో ఫీడ్ పెట్టుకుంటే కనీసం మూడు ఫీడ్లు కావాలి. విదేశాల్లో ఉండి అక్కడి యూనివర్సిటీ క్యాటలాగుల్లో తెలుగు పుస్తకాల కోసం ఫీడ్ పెట్టుకునేవాళ్లకు సలహా తిరగబడుతుంది: అక్కడ భాషా సంకేతమే నమ్మకమైనది, తెలుగు లిపిలో వెతకడం దండగ.

రెండు, కనబడని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య గుర్తు పెడతాం. క్యాటలాగులో అది ఉండి మీ ఫిల్టరు మాటలో లేకపోతే, చూపుకు రెండూ ఒకటే అయినా కంప్యూటరుకు వేరు. ఫిల్టరులో పొల్లు వచ్చేలోపే ఆగే ముక్కను వాడండి.

మూడు, పాత ఫాంట్లు. అను లాంటి డీటీపీ ఫాంట్లలో కొట్టిన జాబితాలను అలాగే అతికించి ఉంటే, ఫీడ్‌లో రోమన్ అక్షరాల చెత్తగా కనబడుతుంది. అది మీ రీడరు తప్పు కాదు, యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కించారు.

#6 కోహా_కాపలా

గుణింతం గారి దానికి నాలుగోది కలుపుతా. పేరు తెలుగు లిపిలో తెర మీద కనబడుతూనే ఉంటుంది, అదే మాట వెతికితే సున్నా ఫలితాలు. కోహా వెనక వెతికిపెట్టే జీబ్రా అనే ప్రోగ్రాము ఇండెక్సు, అంటే వెతకడానికి వాడే పట్టిక, సీహెచ్ఆర్ పద్ధతిలో ఉంటే భారతీయ లిపుల మాటలను సరిగా విడగొట్టలేదు. ఐసీయూ పద్ధతికి మార్చి మొత్తం మళ్లీ ఇండెక్సు చేయించాలి. ఇది సిస్టం అడ్మిన్ పని, పాఠకుడు చేయగలిగింది ఈమెయిలు రాయడం.

#7 అట్టమీదిబొమ్మ

ఇంత తతంగం ఎందుకండీ? నెలకోసారి పీడీఎఫ్ జాబితా వాట్సాప్ గ్రూపులో పెడితే పోలా? మామూలు పాఠకులు రీడరు యాప్ దించుకుంటారా?

#8 బీరువాతాళం

పీడీఎఫ్ వద్దనడం లేదు. ఫీడ్ పెట్టడానికి లైబ్రరీ అదనంగా చేయాల్సిన పని ఏమీ లేదని మాత్రమే అంటున్నాం. పుస్తకం ఎక్కించిన క్షణం నుంచి అదంతట అదే వస్తుంది. పీడీఎఫ్‌కు ప్రతి నెలా ఒకరు కూర్చోవాలి, ఆ ఒకరు బదిలీ అయితే జాబితా ఆగిపోతుంది. మొదటి పోస్టులో చెప్పిన పేజీ గతి అదే కదా. పైగా పీడీఎఫ్‌లో ఆరు వందల పుస్తకాల మధ్య నాలుగు విమర్శ పుస్తకాలు ఏరుకోవడం పాఠకుడి మీద పడుతుంది. ఫీడ్‌కు ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ఎవరు ఏ విషయం చదువుతున్నారో గ్రూపులో ఎవరికీ తెలియదు.

గ్రూపే కావాలంటే టెలిగ్రామ్ సులువు. ఫీడ్‌ను చానల్లోకి పంపే బాట్లు ఉన్నాయి. వాట్సాప్‌లోకి అలా నేరుగా పంపే మామూలు దారి లేదు, చేత్తో అతికించాల్సిందే.

#9 మీటనొక్కు

రీడర్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి. గూగుల్ రీడర్ 2013 జులై 1న మూసేశాక ఫీడ్లే పోయాయని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోలేదు.

కంప్యూటరులో థండర్‌బర్డ్ చాలు. ఈమెయిలు అకౌంటు చేర్చినట్టే ఫీడ్ అకౌంటు చేర్చి, ‘మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్’లో అడ్రసు అతికిస్తే అయిపోతది. మంచిగ ఉండే సంగతేందంటే మెయిలుకు వాడే ఫిల్టర్లే ఫీడ్లకూ పనిచేస్తయి. సబ్జెక్టులో ఫలానా మాట ఉంటే నక్షత్రం పెట్టు, లేకుంటే చదివినట్టు గుర్తుపెట్టు. ఆండ్రాయిడ్‌లో ‘ఫీడర్’ అనే ఓపెన్ సోర్స్ యాప్, ఐఫోన్‌లో ‘నెట్‌న్యూస్‌వైర్’, రెండూ ఉచితమే. సొంత సర్వరు ఉన్నోళ్లకు ఫ్రెష్‌ఆర్ఎస్ఎస్. పదిమందికి ఒకటే పెట్టొచ్చు, ఒక్కో ఫీడ్ సర్వరు నుంచి ఒక్కసారే దిగుతది.

ఎంత తరచుగా చూడాలన్నది రీడరులో పెట్టుకోవాలి. పది నిమిషాలకోసారి పెట్టకుర్రి. పుస్తకాలు ఎక్కించేది పగలు, అదీ పనిదినాల్లో. రోజుకు రెండుసార్లు చాలు.

#10 నల్లసిరా

పది నిమిషాలకోసారి అడిగితే నష్టమేముంది? ఫైలు చిన్నదే కదా.

#11 కోహా_కాపలా

ఫైలు చిన్నదే, పని పెద్దది. బ్లాగు ఫీడ్ అయితే సర్వరులో తయారుగా ఉన్న ఫైలు. మారకపోతే ‘304, మారలేదు’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకుంటుంది. కోహా సెర్చ్ ఫీడ్ అలా కాదు. మీరు అడిగిన ప్రతిసారీ కొత్తగా వెతికి, తేదీ ప్రకారం పేర్చి, 50 రికార్డులు విప్పి, వాటి కాపీల స్థితి చూసి ఎక్స్ఎంఎల్ రాస్తుంది. మనిషి వెబ్‌లో వెతికినంత బరువూ ఉంటుంది. నాలుగు ఫీడ్లు పది నిమిషాలకోసారి అంటే రోజుకు 576 వెతుకులాటలు. చిన్న సర్వరు మీద నలభై మంది అలా పెట్టుకుంటే అడ్మిన్ మిమ్మల్ని బాట్ అనుకుని ఆపేస్తాడు, ఆపడం న్యాయమే.

ఇంకోటి. పుస్తకం ఎక్కించాక అది ఇండెక్సులో పడేదాకా ఏ ఫీడ్‌లోనూ రాదు. ఇండెక్సర్ ఎప్పుడూ నడుస్తూ ఉండే చోట ఇది క్షణాల్లో జరుగుతుంది. క్రాన్ మీద, అంటే నిర్ణీత సమయాలకే, నడిపేచోట ఆ వ్యవధిని బట్టి ఆలస్యమవుతుంది. ఇండెక్సర్ చచ్చిపోయి ఎవరూ గమనించని చోట రోజులు. క్యాటలాగులో కౌంటరు దగ్గర కనబడుతున్న పుస్తకం వెతికితే రాకపోతే అనుమానం అక్కడ పెట్టుకోండి.

#12 సున్నాచుట్టు

నాది వేరే ఇబ్బంది. నిరుటి దాకా పనిచేసిన ఫీడ్ ఈ మధ్య ‘చెల్లని ఫీడ్’ అంటోంది. బ్రౌజరులో అదే అడ్రసు పెడితే మామూలుగానే తెరుచుకుంటోంది.

#13 మీటనొక్కు

బ్రౌజరులో తెరుచుకునే ముందు ఒక సెకను ‘మీరు మనిషేనా చూస్తున్నాం’ లాంటి తెర వస్తుందా చూడుర్రి. ఏఐ కంపెనీల క్రాలర్లు, అంటే పేజీలన్నీ దించుకుపోయే ప్రోగ్రాములు, లైబ్రరీ క్యాటలాగుల మీద పడి సర్వర్లను కూలుస్తుంటే చాలామంది ముందట కాపలా పెట్టుకున్నరు. కొందరు క్లౌడ్‌ఫ్లేర్, కొందరు అనుబిస్. బ్రౌజరు దాని పరీక్ష రాసి లోపలికి పోతది. రీడరుకు జావాస్క్రిప్టు రాదు, గుమ్మం దగ్గరే ఆగిపోతది.

ఖాయం చేసుకోవాలంటే కమాండ్ లైన్‌లో కర్ల్ అనే ప్రోగ్రాముతో అదే అడ్రసు తెప్పించి మొదటి రెండు వరసలు చూడాలి. కోణపు బ్రాకెట్టు, ప్రశ్నార్థకంతో మొదలయ్యే ఎక్స్ఎంఎల్ ప్రకటన, దాని కింద ఆర్ఎస్ఎస్ ట్యాగు ఉంటే ఫీడ్ బాగున్నట్టే. ‘డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్’ అని మొదలైతే మీకు అందింది కాపలావాడి పేజీ. 403 వస్తే నేరుగా వద్దన్నట్టు. 429 వస్తే మీరు మరీ తరచుగా అడుగుతున్నట్టు, వ్యవధి పెంచితే పోతది.

#14 బీరువాతాళం

403 అయితే లైబ్రరీకి రాయండి, కానీ ‘మీ ఫీడ్ పనిచేయడం లేదు’ అని రాయొద్దు. ఆ మెయిలు ఎవరికి పంపాలో కూడా వాళ్లకు అర్థం కాదు. ‘ఓపాక్-సెర్చ్ అడ్రసులో ఫార్మాట్ ఆర్ఎస్ఎస్ అని ఉన్న అభ్యర్థనలను బాట్ తనిఖీ నుంచి మినహాయించండి, నిమిషానికి ఇన్నే అని హద్దు పెట్టండి’ అని రాయండి. మీ రీడరు పేరు, మీ ఐపీ, సమయం ఇస్తే అడ్మిన్ లాగులో ఐదు నిమిషాల్లో పట్టుకుంటాడు. అసలు మంచి పద్ధతి సెర్చ్ ఫీడ్‌ను మూసేసి స్థిరమైన ఫైలు పెట్టడం. కోహాతోపాటే వచ్చే క్రాన్ స్క్రిప్టుల్లో ఆర్ఎస్ఎస్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులోని ‘ఆర్ఎస్ఎస్.పీఎల్’కు ఒక ఎస్‌క్యూఎల్ ప్రశ్న, అంటే డేటాబేసును అడిగే ప్రశ్న, ఇస్తే ఫలితాన్ని ఎక్స్ఎంఎల్ ఫైలుగా రాసిపెడుతుంది. నమూనాగా ‘లాస్ట్ అక్వైర్డ్’ అనే కాన్ఫిగ్ ఫైలు కూడా ఇచ్చారు. దాన్ని కాపీ చేసుకుని, ప్రశ్న మార్చుకుని, రాత్రి రెండింటికి ఒకసారి నడిపితే సరి. పగలు ఎంతమంది అడిగినా సర్వరు మీద భారం పడదు.

ఎస్‌క్యూఎల్‌తో రాస్తే ఇంకో లాభం: ఇంకా ప్రాసెసింగ్‌లో ఉన్న, బయట కనబడకుండా దాచిన రికార్డులను మీరే వదిలేయొచ్చు. ఎంతో ఆశతో వచ్చిన పాఠకుడికి ‘ఇంకా లేబుల్ అతికించలేదు’ అని చెప్పే బాధ తప్పుతుంది.

#15 గుణింతం

ఇలా చేత్తో ఫీడ్ రాసేవాళ్లు పడే గోతులు చెప్తాను, ఎందుకంటే ఎక్స్ఎంఎల్‌కు క్షమాగుణం లేదు. ఒక్క రికార్డులో తప్పుంటే ఆ ఒక్క పుస్తకం కాదు, ఫీడ్ మొత్తం పోతుంది.

పేరులో ఆంపర్‌సాండ్ గుర్తు అలాగే రాస్తే పోతుంది, దాన్ని మార్చి రాయాలి. సీడీఎస్ ఐసిస్ లాంటి పాత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ల నుంచి వలస వచ్చిన డేటాలో నియంత్రణ అక్షరాలు అక్కడక్కడ మిగిలిపోయి ఉంటాయి. అవి కంటికి కనబడవు, ఎక్స్ఎంఎల్ 1.0 వాటిని ఒప్పుకోదు. లక్షణం భలే విచిత్రంగా ఉంటుంది: ఫీడ్ ఒక రోజు ఆగిపోతుంది, రెండు వారాల తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే మళ్లీ పనిచేస్తుంది. ఆ దోషం ఉన్న రికార్డు పైనున్న 50లోకి వచ్చినప్పుడు ఆగింది, కొత్తవి చేరి అది 51కి జారినప్పుడు బాగుపడింది. ఫీడ్ వ్యాలిడేటర్‌లో పెడితే ఎన్నో వరసో చెప్తుంది.

తేదీ కూడా అంతే. ఆర్ఎస్ఎస్ 2.0లో ప్రచురణ తేదీ ఇంగ్లిషు వారం పేరు, నెల పేరు మూడేసి అక్షరాల్లో, చివర టైం జోన్ +0530తో ఉండాలి. సర్వరు లొకేల్ తెలుగులో ఉండి స్క్రిప్టు ‘సోమ, జనవరి’ అని రాసేస్తే రీడర్లకు అర్థం కాదు. తేదీ లేనట్టే లెక్కవేసి తమకు అందిన సమయం వేసుకుంటాయి. అసలు తేదీయే లేని ఫీడ్లలోనూ అంతే జరుగుతుంది. కొత్తగా చేర్చిన రోజు యాభై పుస్తకాలూ ఆ నిమిషమే వచ్చినట్టు కనబడితే బెదరొద్దు. ఆ యాభైనీ చదివినట్టు గుర్తుపెట్టేసి మర్నాటి నుంచి చూసుకోండి.

#16 అట్టమీదిబొమ్మ

సరే, ఒప్పుకున్నా. కానీ మా జిల్లాలో కోహా లేదు. ఈ-గ్రంథాలయ, సోల్ లాంటి వేరే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకో? ఉత్త వెబ్‌పేజీలో టేబుల్ పెట్టేవాళ్లకో?

#17 మీటనొక్కు

ముందు పేజీ సోర్సు తెరిచి ‘ఆల్టర్నేట్’ అన్న మాట వెతకాలి. పై భాగంలో లింక్ ట్యాగులో ఆ మాటతో పాటు ఆర్ఎస్ఎస్ లేదా యాటమ్ (ఇంకో రకం ఫీడ్) అని ఉంటే ఫీడ్ ఉంది, గుర్తు పెట్టడం మరిచిపోయిన్రంతే. సైటు వర్డ్‌ప్రెస్ అయితే అడ్రసు చివర ‘ఫీడ్’ చేర్చి చూడాలి.

లేకపోతే పేజీలోంచే గీరి (స్క్రేప్ చేసి) తీసుకోవడమే. ఫ్రెష్‌ఆర్ఎస్ఎస్‌లో ఫీడ్ చేర్చేటప్పుడు రకం ‘హెచ్‌టీఎంఎల్ + ఎక్స్‌పాత్’ అని ఎంచుకుంటే, పేజీలో ఏ ముక్క ఎక్కడుందో చెప్పే గడులు వస్తయి. ఐటెం అంటే టేబుల్లో ఒక వరస. శీర్షిక ఆ వరసలో పుస్తకం పేరున్న గడి. లింకు ఆ గడిలోని యాంకర్ ట్యాగు. విశిష్ట గుర్తింపు అన్న గడి ఖాళీగా వదలొద్దు, అక్కడ యాక్సెషన్ నంబరు, అంటే ప్రతి కాపీకీ లైబ్రరీ వేసే నంబరు, ఉన్న గడి ఇవ్వాలి. లేదంటే ఎవరో పేరులో ఒత్తు సరిదిద్దినా పాత పుస్తకం కొత్తదిగా మళ్లొస్తది. టేబుల్ మొదటి వరస శీర్షికలది, దాన్ని వదిలేయాలి, లేకుంటే ‘క్రమ సంఖ్య, పుస్తకం పేరు’ అనే పుస్తకం మీకు రోజూ కనబడతది.

గీరే ఫీడ్ సైటు రూపం మారిన రోజే చచ్చిపోతది. తప్పని చూపదు, ఊరికే సున్నా ఐటెంలు. నెల రోజులు ఏమీ రాకపోతే అనుమానించాలి. భద్రతా సర్టిఫికెట్ గడువు తీరినా అంతే. బ్రౌజరులో ‘పర్లేదు, పో’ అని నొక్కి లోపలికి పోతాం, రీడరు పోదు.

#18 గుణింతం

డిజిటల్ సంగ్రహాల మాట కూడా రాసేస్తాను, తెలుగువాళ్లకు అక్కడ సరుకు ఎక్కువ.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీ అడుగున రెండో ఫారం ఉంటుంది, ఫలితాలను జేసన్, సీఎస్‌వీ, ఆర్ఎస్ఎస్ రూపాల్లో ఇచ్చేది. ప్రశ్నలో భాషను రెండు రకాలుగా అడగాలి: ‘తెలుగు’ అని ఇంగ్లిషులో పూర్తి మాట ఒకటి, మూడక్షరాల సంకేతం ఒకటి, మధ్యలో ‘ఆర్’. ఎక్కించేవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. మీడియా రకం ‘టెక్స్ట్స్’ అని కలపండి. క్రమం ‘పబ్లిక్ డేట్’ అవరోహణలో పెట్టండి, ఉత్త ‘డేట్’ పెడితే అది పుస్తకం అచ్చయిన ఏడాది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి అక్కడికి చేరిన స్కాన్లకు గుర్తింపు సంఖ్య ‘ఇన్ ఎర్నెట్ డిఎల్ఐ 2015’ అని మొదలవుతుంది. వాటి పేర్లు రోమన్ లిపిలో, ఒక పద్ధతి లేని స్పెల్లింగులో ఉంటాయి. తెలుగు లిపిలో వెతికితే అవి రావు.

డీస్పేస్ మీద నడిచే సిద్ధాంత గ్రంథాల సంగ్రహాల్లో పాత వెర్షన్లకు ఫీడ్‌లో ఐటెంల సంఖ్య డిఫాల్టుగా 4 మాత్రమే. ఒకేరోజు ఇరవై థీసిస్‌లు ఎక్కిస్తే పదహారు మీకు తెలియవు. ‘వెబ్‌యూఐ ఫీడ్ ఐటెమ్స్’ అనే సెట్టింగు పెంచమని అడగండి. కొత్త వెర్షన్లలో ఓపెన్‌సెర్చ్ దారిన ఫీడ్ తీసుకోవచ్చు. అక్కడా క్రమం ‘యాక్సెషన్డ్’ తేదీ మీద ఉండాలి, ‘ఇష్యూడ్’ మీద కాదు.

తెలుగు వికీసోర్సులో ‘ఇటీవలి మార్పులు’, ‘కొత్త పేజీలు’ రెంటికీ యాటమ్ ఫీడ్ ఉంది. ‘కొత్త పేజీలు’లో పేరుబరి (నేమ్‌స్పేస్) ‘సూచిక’ అని ఎంచుకున్నాక ఫీడ్ లింకు తీసుకోండి. ‘పుట’ పేరుబరిని తీసుకుంటే ఒక్కో పుస్తకానికీ మూడేసి వందల పేజీలు మీద పడతాయి.

#19 నల్లసిరా

కాల్ నంబరుతో పెట్టాక విమర్శ ఫీడ్ సరిగా వస్తోంది. లైబ్రరీకి రాస్తే తేదీల సంగతి చూస్తామన్నారు. ఇంకొక్కటి మిగిలింది. కౌంటరులో అడిగితే ‘ఈ వారం రెండు వందల చరిత్ర పుస్తకాలు ఎక్కించాం’ అన్నారు. నాకు యాభై కూడా రాలేదు.

#20 బీరువాతాళం

అవి ఒకేరోజు ఎక్కి ఉంటాయి. ఫీడ్ 50 దగ్గర తెగుతుంది కాబట్టి, మీరు రోజుకు రెండుసార్లు చూసినా రెండు చూపుల మధ్య రెండు వందలు చేరితే పైనున్న యాభై మాత్రమే అందుతాయి. లైబ్రరీవాళ్లు ‘నమ్ సెర్చ్ ఆర్ఎస్ఎస్ రిజల్ట్స్’ అనే సిస్టం ప్రిఫరెన్సు పెంచొచ్చు. పనిలో పనిగా ‘ఓపాక్ బేస్ యూఆర్ఎల్’ సరిగా ఉందో లేదో కూడా చూడమనండి, అది తప్పుగా ఉంటే ఫీడ్‌లోని లింకులు ఎక్కడికీ పోవు. మీ వైపు నుంచి చేయగలిగింది ఫీడ్‌ను ముక్కలు చేయడం. డ్యూయీలో భారతదేశ చరిత్ర 954, దాని మొత్తానికి ఒకటి కాకుండా 954.8తో మొదలయ్యే దక్షిణ భారతానికి విడిగా పెట్టుకోండి. చిన్న ఫీడ్ పొంగదు.

అయినా యాభై కూడా రాలేదన్నారు కదా. వాటిలో కొన్ని పాత పుస్తకాలకే అదనపు కాపీలు అయి ఉండాలి.

#21 నల్లసిరా

అదనపు కాపీ వస్తే ఫీడ్‌లో రాదా? తేదీ కొత్తదే కదా.

#22 కోహా_కాపలా

తేదీ కొత్తది, పుస్తకం పాతది. కోహా ఫీడ్‌లో ఒక్కో ఐటెంకు గుర్తింపుగా ఉండేది ఆ పుస్తకం పేజీ అడ్రసు, అంటే బిబ్లియో నంబరు. అది కాపీది కాదు, శీర్షికది. కాబట్టి ఐదో కాపీ చేరితే పుస్తకం ఫీడ్ పైకొస్తుంది గానీ, మీ రీడరు ‘ఇది ఇంతకు ముందే చూశా’ అని మీకు చూపదు. అంతకు ముందెప్పుడూ ఆ ఫీడ్‌లో మీకు రాని పుస్తకమైతే మాత్రం కొత్తగానే కనబడుతుంది. కొత్త ముద్రణకు విడిగా రికార్డు చేస్తే అదీ కనబడుతుంది. పాత రికార్డుకే తగిలిస్తే కనబడదు.

ఇదే కారణంతో ఇంకోటి జరుగుతుంది, ముందే చెప్పి పెడతా. లైబ్రరీ డొమైన్ మార్చినా, హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారినా ఆ అడ్రసులన్నీ మారతాయి. ఆ రోజు పాత యాభై మళ్లీ కొత్తగా వచ్చి పడతాయి. ఫీడ్ తీసేసి మళ్లీ చేర్చక్కర్లేదు, ఒకసారి అన్నీ చదివినట్టు గుర్తుపెట్టండి చాలు.

#23 సున్నాచుట్టు

నాది 403యే. బీరువాతాళం గారు చెప్పిన మాటలే రాసి పంపాను, సాయంత్రానికి మినహాయింపు ఇచ్చారు. ఇప్పుడు 200, అంటే ‘సరే’, వస్తోంది, మొదటి వరసలో ఎక్స్ఎంఎల్ ప్రకటన ఉంది.